ఆ నోట్‌బుక్ దాకా వెళ్ళలేకపోయాను

(హైదరాబాద్‌లో డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకుల శిక్షణ తరగతుల్లో ఒక ఫిజిక్స్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవారికి నా మాట వినిపిస్తోందా? వినిపిస్తుంటే చెయ్యెత్తండి. సరే. చివరి రెండు వరసల్లో నలుగురు ఎత్తలేదు. వాళ్ళకు వినిపించలేదా, వినిపించినా ఎత్తలేదా? ఇక్కణ్ణుంచి నాకు తెలియదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇక్కణ్ణుంచి నాకు తెలియదు. ఈ గంటసేపు నేను మాట్లాడేదంతా దీని గురించే.

నేను ఫిజిక్స్ చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక కాలేజీలో మొదటి సంవత్సరం క్లాసు నాది. గదిలో పొడవాటి బెంచీలు, ఒక్కోదానికి ఆరుగురు. బెంచీకి ఒక పక్క గోడ, ఇంకో పక్క దారి. నాలుగో బెంచీలో గోడ పక్కన ఒక అమ్మాయి కూర్చునేది. రోజూ వచ్చేది. అటెండెన్స్ పిలిస్తే పలికేది. నేను బోర్డు మీద రాసిందంతా రాసుకునేది. "అర్థమైందా?" అంటే అందరితో పాటు తలూపేది. మంచి స్టూడెంట్ అనుకున్నాను. ఏడాది చివర ఫెయిలైంది.

నా దగ్గరకొచ్చి ఏడ్చింది. నోట్‌బుక్ చూపించమన్నాను. మొదటిసారి దాన్ని నేను చేత్తో పట్టుకోవడం అప్పుడే. వాలుతలం మీద వస్తువు బరువును రెండు భాగాలుగా విడదీస్తాం కదా, వాలు వెంట పనిచేసేది ఎమ్‌జీ సైన్ తీటా, తీటా అంటే వాలు కోణం. ఆ పిల్ల మొదటి లెక్కలోనే సైన్ ఉండాల్సిన చోట కాస్ రాసుకుంది. ఆ తరవాత సొంతంగా చేసిన ప్రతి లెక్కలోనూ అదే తప్పు. మొదటి వారంలో నేను ఒక్కసారి ఆ పేజీ చూసి ఉంటే? రెండు నిమిషాల పని. కోణం ఎక్కడ ఉందో బొమ్మలో వేలు పెట్టి చూపిస్తే అయిపోయేది.

ఎందుకు చూడలేదు? ఆ రోజు రాత్రంతా ఇదే ఆలోచించాను. నేను బద్ధకస్తురాలిని కాను. పిల్లలంటే పట్టనిదాన్నీ కాను. ఆ పిల్ల దగ్గరకు వెళ్ళాలంటే ఐదుగురు లేవాలి. ఐదుగురు బ్యాగులు తీసి, బయటికొచ్చి, దారిలో నిలబడాలి. యాభై నిమిషాల పీరియడ్‌లో ఆ పని ఎవరైనా చేస్తారా? నేను చేయలేదు. ఏడాదిలో ఒక్కసారి కూడా చేయలేదు. గదిని అలా కట్టారు, నేను ఆ గది చెప్పినట్టు నడుచుకున్నాను.

అప్పటి నుంచి ఏ క్లాసురూమ్‌లోకి వెళ్ళినా నేను చూసేది ఒక్కటే. ఈ గదిలో ఎంతమంది పిల్లల నోట్‌బుక్ దాకా టీచర్ నడిచి వెళ్ళగలదు? ప్రొజెక్టర్ ఉందా, స్మార్ట్ బోర్డు ఉందా, అవన్నీ తరవాత చూస్తాను. ముందు నడక చూస్తాను.

మీరు అడగొచ్చు: టీచర్ మంచిదైతే చెట్టు కింద అయినా చెబుతుంది, గదిదేముంది మేడమ్? నేనూ అలాగే అనుకునేదాన్ని. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీవాళ్ళు దీన్ని పరీక్షించి చూశారు. ఒకే టీచర్, ఒకే సిలబస్, అవే పరీక్షలు. ఒక సెక్షన్ మామూలు వరసల గదిలో, ఇంకో సెక్షన్ గుండ్రటి బల్లల గదిలో. రెండింట్లో ఒకేలా చెప్పాలనేది షరతు. ఏమైంది? గుండ్రటి బల్లల గదిలో కూర్చున్న పిల్లలు, వాళ్ళ ఎంట్రెన్స్ మార్కుల్ని బట్టి ఎంత వస్తుందని లెక్కవేశారో దానికంటే మెరుగ్గా చేశారు. అది ఒక సంగతి. నాకు ఇంకా ముఖ్యం అనిపించింది రెండోది. ఒకేలా చెప్పాలని గట్టిగా అనుకుని కూడా ఆ టీచర్ రెండు గదుల్లో ఒకేలా చెప్పలేకపోయారు. వరసల గదిలో బోర్డు దగ్గరే నిలబడి ఎక్కువ లెక్చర్ ఇచ్చారు. బల్లల గదిలో తిరిగారు, పిల్లలతో మాట్లాడారు. మనిషి ఒకరే కదా! మారింది గది. అది టీచర్‌ను కూడా నడిపిస్తుంది.

ఇక "యాక్టివ్ లెర్నింగ్" అనే మాట. మన సర్క్యులర్లలో తెగ నలుగుతోంది, 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక మరీనూ. దాని అర్థం సింపుల్. క్లాసులో ఉన్న టైములో పిల్లలు ఏదో ఒకటి చేయాలి. లెక్క చేయాలి, పక్కవాడితో వాదించాలి, ఊహించి చెప్పాలి, తప్పు చేయాలి, ఆ తప్పు అక్కడికక్కడే బయటపడాలి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990ల మొదట్లో చేసింది ఇదే. ఒక ప్రశ్న ఇస్తాడు, ఎవరికి వారు జవాబు ఎంచుకుంటారు, ఆ తరవాత పక్కవాళ్ళను ఒప్పించడానికి ప్రయత్నిస్తారు, మళ్ళీ జవాబు చెబుతారు. దీనివల్ల లాభం ఉందా? 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజనీరింగ్, మాథ్స్ క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాల్ని కలిపి లెక్కవేసింది. లెక్చర్ మాత్రమే వినే క్లాసుల్లో నూటికి దాదాపు 34 మంది ఫెయిలైతే, పిల్లల చేత పని చేయించే క్లాసుల్లో దాదాపు 22 మంది. ఆ తేడా నూటికి పన్నెండు మంది. ఆ పన్నెండు మందిలో నాలుగో బెంచీ అమ్మాయి ఒకతె ఉంటుంది.

ఇది విదేశీ ఫ్యాషన్ అని కొందరు పెద్దలు నాతో అన్నారు. వాళ్ళ మీద గౌరవంతోనే చెబుతున్నాను, అలా అనుకోవడం మన చరిత్ర మనం మరిచిపోవడమే. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో బడుల లెక్కలు తీయమన్నాడు. మరుసటి ఏడాది బళ్ళారి కలెక్టర్ కాంప్‌బెల్ నివేదిక పంపాడు. అక్కడి తెలుగు, కన్నడ బడుల్లో ముందు నేర్చుకున్న పిల్లలు వెనకవాళ్ళకు నేర్పుతారనీ, ఆ పద్ధతి మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండ్ దాన్ని అనుకరించడం సబబేననీ రాశాడు. ఇంగ్లండ్‌కు ఎలా వెళ్ళింది? అంతకుముందే ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసు ఎగ్మోర్‌లోని అనాథ పిల్లల ఆశ్రమంలో పనిచేస్తూ, ఇక్కడి బడిలో పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. ఆ పద్ధతిని తన ఆశ్రమంలోని పిల్లల చేత ఒకరికొకరు నేర్పించుకునేలా మలిచి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. దాన్ని మద్రాసు పద్ధతి అన్నారు. పక్కవాడి దగ్గర నేర్చుకోవడం మన వీధి బడి అరుగు మీద ఉన్నదే. ఆ అరుగు మీద గురువుగారు ఏ పిల్లవాడి ఇసక దగ్గరకైనా రెండడుగుల్లో వెళ్ళగలిగేవారు.

సరే, ఇప్పుడు గదిలోకి వద్దాం.

అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో రాబర్ట్ బైక్నర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990లలో ఒక గది డిజైన్ చేశాడు. ఏడడుగుల వ్యాసం ఉన్న గుండ్రటి బల్ల, దాని చుట్టూ తొమ్మిది మంది, ముగ్గురేసి మూడు జట్లు. గోడల నిండా బోర్డులు. ఆ గదికి ముందూ వెనకా అంటూ లేవు. తరవాత అమెరికాలోనే పేరుమోసిన టెక్నాలజీ విద్యాసంస్థ ఎమ్ఐటీలో జాన్ బెల్చర్ దాన్ని తీసుకున్నాడు. అక్కడ మొదటి ఏడాది ఫిజిక్స్ లెక్చర్లకు టర్మ్ చివరికొచ్చేసరికి హాలు సగం ఖాళీగా ఉండేది. ఎమ్ఐటీలో కూడానా? అవును, ఎమ్ఐటీలో కూడా. 3,000 చదరపు అడుగుల గదిలో పదమూడు బల్లలు వేశారు, 117 మంది. అంటే మనిషికి పాతిక చదరపు అడుగుల పైచిలుకు.

మన సంగతి చూడండి. ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ చెబుతూ వచ్చిన క్లాసురూమ్ 66 చదరపు మీటర్లు, అరవై మందికి. మనిషికి 1.1 చదరపు మీటరు. అంటే దాదాపు పన్నెండు చదరపు అడుగులు. వాళ్ళకున్న దాంట్లో సగం కూడా లేదు. ఏడడుగుల గుండ్రటి బల్లలు తెచ్చి ఈ గదిలో వేస్తే ఏమవుతుంది? పిల్లలు గోడకు అతుక్కుపోతారు. అందుకే కేటలాగులో ఫొటో చూసి ఫర్నిచర్ కొనకండి. దయచేసి కొనకండి. ఆ ఫొటోలోని గది వేరు, మన గది వేరు.

మరి ఏం చేయాలి? మేం చేసింది చెబుతాను. ఇప్పుడు పనిచేసే కాలేజీలో ఒక వేసవి సెలవుల్లో ఒక్క గది మాకిచ్చారు. కొత్త ఫర్నిచర్‌కు డబ్బు లేదు. కాలేజీ బెంచీలు బాగుచేసే వడ్రంగి ఒకాయన ఉన్నారు. పొడవు బెంచీల్ని సగానికి కోసి ఎదురెదురుగా వేద్దామన్నాను. ఆయన నవ్వి, "మేడమ్, ఈ బల్లలు వాలుగా ఉన్నాయి, ఎదురెదురుగా వేస్తే మధ్యలో లోయ అవుతుంది, పెన్నులన్నీ అందులోకే జారతాయి" అన్నారు. నాకు తట్టనేలేదు! ముందు పైచెక్కలు విప్పి, కాళ్ళు సమం చేసి, మట్టంగా బిగించారు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నలుగురికి ఒక బల్ల. వరసకు మూడు బల్లలు, ఐదు వరసలు, మొత్తం పదిహేను. పక్క బల్లలు గోడలకు తగిలించి, మధ్య బల్లకు రెండు పక్కలా దారులు వదిలాం. ఆరు మీటర్ల వెడల్పు గదిలో మూడు బల్లలు పోగా ఒక్కో దారి 1.2 మీటర్లు వచ్చింది. వీల్ చైర్‌కు 90 సెంటీమీటర్లు చాలు కాబట్టి అదీ తిరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి బల్ల ఒక కొస దారికి తగులుతుంది. నేను దారిలో నిలబడి ఒక చెయ్యి చాస్తే ఆ బల్ల మీది ఏ నోట్‌బుక్ అయినా అందుతుంది. పదిహేను బల్లలు, అరవై నోట్‌బుక్‌లు. అరవైకి అరవై.

ఇరుకేనండి, దాచను. గోడ వైపు కూర్చునేవాళ్ళు ముందు లోపలికెళ్ళాలి. ఒక సమస్య కూడా వచ్చింది. సగం మందికి వీపు పెద్ద బోర్డు వైపు ఉంటుంది. నేను పది నిమిషాలు బోర్డు దగ్గర చెప్పాలంటే? అందుకని బల్లలకు బోర్డు వైపు తేలికైన కుర్చీలు వేశాం, తిప్పుకుని కూర్చుంటారు. మెడ నొప్పి అని మొదటి నెల ఫిర్యాదులు వచ్చాయి. వాళ్ళు చెప్పింది నిజమే. నేను బోర్డు దగ్గర ఉండే టైమును తగ్గించుకున్నాను.

ఆ గదిలో ముందు తీయించింది ఏమిటో తెలుసా? ప్లాట్‌ఫామ్. బోర్డు ముందు ఆరంగుళాల దిమ్మె ఉంటుంది చూడండి, అది. అది ఉన్నంతకాలం నేను దిగలేదు. దిగాలని అనిపించదు, అంతే. వీల్ చైర్‌లో వచ్చే పిల్లవాడు ఆ దిమ్మె ఉంటే బోర్డు దగ్గరకు రాగలడా? ఎప్పటికీ రాలేడు. అంటే ఆ బోర్డు వాడిది కాదని మనం సిమెంటుతో చెబుతున్నాం. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

గోడలకు బ్లాక్ బోర్డు పెయింట్ వేయించాం, అడుగున మూడడుగులు వదిలి పైన నాలుగడుగులు. మధ్య బల్లలకు గోడ లేదు కదా, వాళ్ళకు తెల్ల సన్‌మైకా ముక్కలు ఇచ్చాం, మార్కర్‌తో రాసి తుడుచుకోవచ్చు. గోడ మీద రాయడంలో ఒక గుణం ఉంది. నోట్‌బుక్‌లో తప్పు నా దాకా రాదు, నేనే దాని దగ్గరకు వెళ్ళాలి. గోడ మీది తప్పు గది ఆ చివర నుంచి కూడా కనిపిస్తుంది. ఆ ఏడాది వాలుతలం పాఠం రోజు లెక్క ఇచ్చి నిలబడితే, ఐదు జట్లు సైన్ బదులు కాస్ రాశాయి. ఐదు! పదిహేనింటిలో ఐదు. ఇన్నేళ్ళూ ఇంతమంది ఇదే తప్పు చేస్తూ ఉండి ఉంటారు, నాకు కనబడలేదు. ఏమీ చెప్పకుండా, "కోణాన్ని సున్నా చేయండి, నేల మట్టంగా అవుతుంది, అప్పుడు వస్తువు జారుతుందా?" అని మాత్రం అడిగాను. కాస్ సున్నా అంటే ఒకటి. జారాలి! మట్టంగా ఉన్న నేల మీద వస్తువు తనంతట తాను జారుతోందా? ఆ ఐదు జట్లూ వాళ్ళ డస్టర్లు వాళ్ళే తీసుకున్నాయి.

ఇప్పుడు శబ్దం. దీని మీద కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక్క క్షణం అందరూ మౌనంగా ఉండండి. నేను ఒకే ఒక్కసారి చప్పట్లు కొడతాను. విన్నారా? నా చేతులు ఆగాక కూడా గోడలు మోగుతున్నాయి. అరవై మంది ఒకేసారి మాట్లాడితే ఈ మోత మీద మోత పడుతుంది. పక్కవాడి మాట వినబడక గొంతు పెంచుతాడు, వీడు పెంచాడని వాడు పెంచుతాడు. పది నిమిషాల్లో చేపల మార్కెట్. "గ్రూప్ వర్క్ అంటే గోల, మనకు కుదరదు" అని టీచర్లు మానేస్తారు. తప్పు పిల్లలది కాదండి. అమెరికాలో స్కూలు గదుల శబ్దానికి ఒక ప్రమాణం ఉంది. మామూలు సైజు గదిలో ఆ మోత 0.6 సెకండ్లకు మించకూడదు, ఖాళీ గదిలో ఉండే చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదు. మన హైదరాబాద్‌లో? కింద షాబాద్ బండలు గానీ టైల్స్ గానీ, చుట్టూ నున్నటి సిమెంటు, పైన స్లాబు, తల మీద ఫ్యాన్లు, కిటికీ తెరిస్తే రోడ్డు మీది హారన్లు, మూస్తే ఏప్రిల్ ఉక్క. ఆ 35 మనకు దొరకదు. కానీ మోతను తగ్గించవచ్చు. వెనక గోడకు, గోడల పైభాగానికి గోనెగుడ్డ చుట్టిన సాఫ్ట్ బోర్డులు కొట్టించాం. కుర్చీ కాళ్ళకు రబ్బరు బుష్షులు తొడిగించాం. బుష్షులకు అయిన ఖర్చు ఆ గదిలో అన్నిటికంటే తక్కువ, తేడా అన్నిటికంటే ఎక్కువ.

ప్లగ్ పాయింట్ల గురించి ఒక్క మాట. విదేశీ డిజైన్లలో నేలలోనే పాయింట్లు పెడతారు. మన దగ్గర నేల నీళ్ళు పోసి కడుగుతారు. కాబట్టి గోడలకే పెట్టించండి.

మెట్ల గ్యాలరీ హాళ్ళు ఉన్నవాళ్ళు అడిగారు, మేం బెంచీలు కదపలేం కదా అని. ప్రతి మూడో వరస ఖాళీగా వదలండి. రెండు వరసలు పిల్లలు, ఒక వరస మీకు దారి. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగితే నలుగురేసి జట్టు. సీట్లు తగ్గుతాయి, నిజమే. ఆ హాలులో రోజూ ఎన్ని సీట్లు ఖాళీగా ఉంటున్నాయో కూడా ఒకసారి లెక్కపెట్టి చూడండి.

ఇంకో సంగతి చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. పిల్లలు మొదట ఇష్టపడరు. ఎమ్ఐటీలో 2003లో పిల్లలే మాకీ క్లాసు వద్దని సంతకాలు పెట్టారు. మా పిల్లలు మా డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరకెళ్ళి, "మేడమ్ పాఠం చెప్పడం లేదు, మా చేత చేయిస్తున్నారు" అని కంప్లైంట్ చేశారు. నాకు ఆ వారం నిద్రలేదు, చాలా టెన్షన్ పడ్డాను. తరవాత 2019లో హార్వర్డ్‌వాళ్ళు చేసిన ఒక అధ్యయనం చదివాను. చక్కటి లెక్చర్ విన్న పిల్లలు ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. తంటాలు పడి లెక్కలు చేసిన పిల్లలు తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. పరీక్ష పెడితే తంటాలు పడ్డవాళ్ళే ఎక్కువ నేర్చుకున్నారు. అది చదివాక మొదటి క్లాసులోనే పిల్లలకు ఈ సంగతి చెప్పేస్తున్నాను. మీకు కష్టంగా ఉంటుంది, ఏమీ రావడం లేదనిపిస్తుంది, నెల రోజులు ఆగండి అని. ఆగుతున్నారు.

డబ్బు ఎక్కడిది, పర్మిషన్ ఎవరిస్తారు అనే ప్రశ్న మీ మొహాల్లో కనిపిస్తోంది. మన ఊళ్ళోనే ఒక జ్ఞాపకం ఉంది. ఉస్మానియా యూనివర్సిటీకి క్యాంపస్ కట్టాలనుకున్నప్పుడు నిజాం ప్రభుత్వం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దర్ని దేశదేశాల యూనివర్సిటీలు చూసి రమ్మని పంపింది. వాళ్ళు తిరిగి చూశాకే బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌ను పిలిచారు. 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది. చదువుకునే చోటు ఎలా ఉండాలో తెలుసుకోవడానికి ప్రపంచమంతా తిరగడం తగిన పనే అనుకున్న ఊరు ఇది. మనకు అంత ప్రయాణం అక్కర్లేదు, మన బ్లాకులోని ఒక గదికి వెళితే చాలు. కొత్త బ్లాకు కడుతున్నారంటే ప్లాను గీసే దశలోనే వెళ్ళి అడగండి. పిల్లర్లు లేచాక గది ఆకారం మారదు. అక్కడ టీచర్ తరఫున మాట్లాడేవాళ్ళు మామూలుగా ఎవరూ ఉండరు. మీరు ఉండండి.

నేను చెప్పాల్సింది అయింది. ప్రశ్నలు ఇక్కడ వద్దు, పక్క గదిలో అడగండి. అది మామూలు క్లాసురూమ్, పొడవు బెంచీలు, అరవై సీట్లు. నలుగురేసి జట్లుగా రండి, జట్టుకు ఒక టేపు, ఒక సుద్దముక్క ఇస్తాను. దారిలో నిలబడి ఎన్ని సీట్ల దగ్గరి నోట్‌బుక్ మీ చేతికి అందుతుందో చూసి, అందని ప్రతి సీటు మీదా సుద్దతో గుర్తు పెట్టండి. ఆ గుర్తులు చూసుకుంటూ మాట్లాడుకుందాం. చివరి రెండు వరసలవాళ్ళు ముందు రండి.